రాగి చెంబులో పేస్‌మేకరు

గుండె డాక్టరునని చెప్పగానే అందరూ అడిగేది కొవ్వు గురించే. నూనె మానెయ్యాలా, గుడ్డులో పచ్చసొన తినొచ్చా, స్టెంటు వేస్తే ఎన్నాళ్ళుంటుంది. నేను వృత్తిలో చూసింది పైపులు కాదు, కరెంటు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గుండె లయ తప్పినవాళ్ళని చూడడం, పేస్‌మేకర్లు పెట్టడం నా పని. ఇప్పుడు రిటైరయ్యాను. రిటైరయ్యాను అనేది మర్యాదకి అంటున్న మాట. నన్ను పంపించేశారు. ఆ సంగతి కూడా ఇందులోనే వస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, "మీ అనుభవాలు రాయండి మేడం, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏం పనికొస్తాయో నాకైతే తెలీదు. సన్మానాలూ, శాలువాలూ, ఫలానా సభలో ఫలానా ఉపన్యాసం, అవి నాకు చికాకు. ఒక్క కేసు రాస్తాను. మిగతావన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి, ఇది ఉండదు.

కరెంటు సంగతి

గుండె తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. పై కుడి గది గోడలో ఇమిడిపోయిన చిన్న కణాల గుంపు ఒకటుంది. అది సంకేతం ఇస్తే పై గదులు రెండూ ముడుచుకుంటాయి. ఆ సంకేతం కింది గదులకి దిగడానికి దారి ఒక్కటే. ఆ దారి మధ్యలో ఇంకో గుంపు కూర్చుని ఉంటుంది. వచ్చిన సంకేతాన్ని అది కాస్త ఆపుతుంది. పై గదుల్లో రక్తం కిందికి దిగాక వదులుతుంది. అక్కణ్ణించి సంకేతం కుడికో పాయ, ఎడమకో పాయగా చీలి కండరమంతా పాకుతుంది.

మన జిల్లాలవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. కాలవ మీద లాకు చూడనివాడు ఇక్కడ ఉండడు. లాకు దగ్గర నీళ్ళు ఆగుతాయి, మట్టం సరిపోయాక కిందికి వెళతాయి. ఆ తలుపులు పూర్తిగా బిగుసుకుపోతే ఎగువన నీళ్ళుండి కూడా దిగువన చేలు ఎండుతాయి. గుండెలో అలా జరిగితే హార్ట్ బ్లాక్ అంటాం. పైనుంచి కబురు రాక కింది గదులు తమంతట తాము నెమ్మదిగా కొట్టుకుంటాయి. ఒక్కోసారి అదీ ఆగుతుంది. అప్పుడు మనిషి నిలువునా పడిపోతుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంది. గుండె మళ్ళీ అందుకుంటే లేచి కూర్చుని, ఏమైందని మననే అడుగుతుంది.

చూసేవాళ్ళకి అది అచ్చం మూర్ఛ. చూసేవాళ్ళు డాక్టర్లయినా సరే.

మూర్ఛ మాత్రలు

నూకరత్నం రేవు దగ్గర చేపలమ్మే మనిషి. మొగుడు సత్తిబాబుకి సొంత పడవుంది. తెల్లారి వల వేసేవాడు, ఎండెక్కాక అస్థికలు కలపడానికి వచ్చేవాళ్ళని నడి గోదావరికి తీసుకెళ్ళేవాడు. ఈ ఊరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటినుంచీ ఆ పని మీద జనం వస్తూనే ఉంటారు. చేపలు దొరకని రోజు వాళ్ళ పొయ్యి ఆ సంపాదన మీదే వెలిగేది.

నూకరత్నం చేపల బుట్ట ముందు కూర్చుని బేరమాడుతూనే పడిపోయేది. మొదట అమ్మవారు పూనిందన్నారు. తర్వాత ఆస్పత్రి అన్నారు. ఆస్పత్రిలో ఫిట్స్ అన్నారు. ఒక డాక్టరు మాత్రలు రాశాడు, ఇంకో డాక్టరు మోతాదు పెంచాడు, మూడో ఆయన తలకి స్కాను తీయించాడు. మనిషి మత్తుగా తూలుతూ తిరిగేది, పడిపోవడం మాత్రం ఆగలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. చెయ్యి పట్టుకుని నాడి చూశాను. కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకుంటుందా లేదా అని నాకే అనుమానం వచ్చేంత నెమ్మది. ఇ.సి.జి. కాయితం బయటికి రాకముందే రోగం తెలిసిపోయింది.

మరి అంతమంది డాక్టర్లు నాడి ఎందుకు చూడలేదు? చెబుతాను, మీకు రుచించకపోయినా సరే. ఆ చెయ్యి చేపల వాసన వేస్తుంది. బల్లకి అవతల కూర్చుని, ముక్కు పక్కకి తిప్పి, "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగి మందు రాసేస్తే పనైపోతుంది. నేను దీన్ని రుజువు చెయ్యలేను. కానీ ఆ ముగ్గురూ నాకు తెలుసు, వాళ్ళ బల్లలూ తెలుసు.

నేను కూడా ఏం గొప్పగా పలకరించలేదు లెండి. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాను విసుగ్గా.

"మాత్రలు మింగుతన్నానండి, మీవోళ్ళు రాసినయ్యే" అంది నూకరత్నం.

నోరు మూసుకుని, మెడ దగ్గర నరంలోంచి గుండెలోకి తాత్కాలికపు తీగ వేశాను. తీగ రెండో కొస బయట చిన్న పెట్టెకి ఉంటుంది. ఆ పెట్టె కొడితే గుండె కొట్టుకుంటుంది. అది నాలుగు రోజుల సరుకు. తర్వాత తీగ జారడమో చీము పట్టడమో ఖాయం. ఈలోపు చర్మం కింద అసలు పేస్‌మేకరు పెట్టాలి. సర్కారు పథకంలో పెట్టిద్దామంటే రేషన్ కార్డులో ఆవిడ పేరు ఎగిరిపోయింది. పేరెక్కించడానికి సత్తిబాబు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరి బల్ల దగ్గరికి వెళ్ళినా పక్క బల్ల చూపిస్తున్నారు. సొంతాన కొనే స్తోమత వాళ్ళకి మూడు జన్మలకీ లేదు.

మిల్లు పెద్దాయన

ఆ రోజుల్లోనే భాస్కరరావు గారు పోయారు. మండపేటలో రైసు మిల్లు ఆసామి. అంతకు కొద్ది నెలల ముందే ఆయనకి నేనే పేస్‌మేకరు పెట్టాను, ఖరీదైన రకం. గుండె బాగానే ఉంది, పక్షవాతం వచ్చి పోయారు.

కొత్తవాళ్ళకి ఒక మాట. పేస్‌మేకరున్న మనిషిని కాల్చే ముందు దాన్ని తీసెయ్యాలి. చితిలో వేడికి బ్యాటరీ పేలుతుంది. ఇంట్లోవాళ్ళకి మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. నేను తీసి, కడిగి, మెషీనుతో చదివి చూశాను. బ్యాటరీ దాదాపు కొత్తదే. ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఒకసారి వాడిన పేస్‌మేకరు ఇంకొకరికి పెట్టకూడదని పుస్తకం చెబుతుంది. శుద్ధి చేసి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే, గతిలేనివాళ్ళకి పెట్టడం నేను చూశాను, నేనూ పెట్టాను. తీగ కొత్తది వెయ్యాలి, అది ఎలాగో దొరుకుతుంది. ఖరీదంతా పెట్టెదే.

భాస్కరరావు గారి అబ్బాయి శ్రీనివాసుని పక్కకి పిలిచి అడిగాను. మెత్తని మనిషి. వార్డులోకి తీసుకెళ్ళి నూకరత్నాన్ని చూపించాను, సత్తిబాబునీ చూపించాను. "రేవులో పడవ నడుపుతాడు బాబూ. వీళ్ళకి ఇంకో దారి లేదు" అన్నాను.

శ్రీనివాసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పకుండా మేడం. నాన్నగారి పేరు చెప్పుకుని ఒక ప్రాణం నిలబడితే అంతకంటే ఏం కావాలండి" అన్నాడు. సత్తిబాబు ఆయన కాళ్ళమీద పడబోతే ఆపాడు కూడా.

గంట తిరక్కుండా మాట మారింది. భాస్కరరావు గారి తమ్ముడు, ఆయనా ముసలివాడే, దిగాడు. ఆస్పత్రి వరండాలోనే అరిచాడు. "మా అన్నయ్య గుండెలో కొట్టుకున్న వస్తువది! చేపలమ్ముకునే దానికి పెడతారా? అన్నయ్యతో వచ్చింది, అన్నయ్యతోనే పోవాలి!"

అబ్బాయి వంక చూశాను. నేల చూస్తున్నాడు. "బాబాయి మాట కాదనలేనండి" అన్నాడు.

నేను వాదించాను. మా పెద్ద డాక్టరు గారు, అంటే ఆస్పత్రి యజమాని, నన్ను గదిలోకి పిలిచాడు. "వాళ్ళ వస్తువు వాళ్ళడుగుతున్నారు. ఇచ్చేసెయ్యండి. మండపేటనుంచి మనకి ఎంతమంది వస్తారో తెలుసుగా?" అన్నాడు. తెలుసు. ఇచ్చేశాను. ఆ ముసలాయన దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు.

నడి గోదావరి

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

శ్రీనివాసుకి మనసులో గుచ్చుకుంటూ ఉందనుకుంటాను. ఏదో ఒక మేలు చెయ్యాలనిపించింది. ఏం మేలు చేశాడో తెలుసా? తండ్రి అస్థికలు కలపడానికి సత్తిబాబు పడవే మాట్లాడాడు. నలుగురు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తానన్నాడు. మంచివాడు కదా మరి.

సత్తిబాబు వెళ్ళాడు. మందులకి కావాలి. వెళ్ళకుండా ఎలా ఉంటాడు?

మధ్యాహ్నం తడి పంచెతోనే వార్డుకి వచ్చాడు. నూకరత్నం దగ్గరికి పోలేదు, నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఆ మిసను ఎలాగుంటాదండి?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను. "ఎందుకు?"

"అయితే అదేనండి. ఎముకలు ఏసిన రాగి సెంబులో అదీ ఏశారండి. మూత పెట్టి ఎర్రగుడ్డ కట్టారండి. మా అన్నయ్య గుండె మిసను కూడా ఇందులోనే ఉందండి అని ఆ పెద్దాయన పంతులుగారితో సెబుతుంటే ఇన్నాను. నేను తెడ్డు పట్టుకుని అలా సూత్తా ఉన్నానండి. వొదిలేశారు."

 అతనే మళ్ళీ అడిగాడు. "నీళ్ళు దూరితే పాడైపోద్దాండి?"

"దూరవు. మనిషి లోపలుండేది, అక్కడా తడే కదా."

"అయితే పనిసేత్తాదా?"

"చేస్తుంది."

"ఎక్కడేశారో నాకు తెలుసండి. ఇసక మేట పక్కనే. ఎండాకాలం, లోతు లేదు."

అని గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఎందుకు కూర్చున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. రేవులో పడవలవాళ్ళు చిల్లరకి మునుగుతారు, రైల్లోంచి జనం విసిరే నాణేలు ఏరుకుంటారు. అది తప్పు కాదు. కానీ అస్థికలతో వేసింది ఎవరూ ముట్టుకోరు. బంగారం ముక్కున్నా సరే, ముట్టుకోరు. ముట్టుకున్నవాడి పడవ ఎవరూ ఎక్కరు. ఆ మాట మీద నమ్మకం ఉండబట్టే ఊరూరినుంచీ జనం వచ్చి తమవాళ్ళ ఎముకలు వాళ్ళ చేతికి అప్పగించి వెళతారు. ఆ రేవు బతికేదే ఆ కట్టుబాటు మీద.

నేను వెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు. సత్తిబాబు లేచి వెళ్ళాడు.

చీకటి పడకముందే వచ్చాడు. తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాడు. పెట్టె మెరుస్తూ ఉంది.

"సెంబు అక్కడే ఒగ్గేశానండి. గుడ్డ మళ్ళీ కట్టేశాను. ఎముకలు ముట్టుకోలేదండి, ఇదొక్కటే" అన్నాడు.  

మెషీను పెట్టి చదివాను. చక్కగా పనిచేస్తూ ఉంది. గోదావరి అడుగున రాగి చెంబులో, ఏ గుండె లేకపోయినా, అది తన మానాన కొడుతూనే ఉందన్నమాట.

నాకు చెప్పకండి

మా యజమానికి చెప్పాను. దాచి చేసే అలవాటు నాకు లేదు. ఆయన చెవులు మూసుకోలేదు గానీ దాదాపు అంత పనీ చేశాడు. "నాకు చెప్పకండి డాక్టరుగారూ. నేనేమీ వినలేదు. మీ ఇష్టం" అన్నాడు.

కొత్తవాళ్ళు ఈ వాక్యం గుర్తుంచుకోండి. మీ ఇష్టం అనే పెద్దాయన ఎదురైన ప్రతిసారీ, రేపు నాకు చెప్పలేదు అనబోయే పెద్దాయన కూడా ఆయనే.

శుద్ధి చేయించి పెట్టేశాను. కొత్త తీగ వేసి, పెట్టె తగిలించి, మెడలో తీగ లాగేశాను. నూకరత్నం నాడి నా వేళ్ళ కింద నిండుగా, బుద్ధిగా కొట్టుకుంది. ఆ నిమిషానికి ఇప్పటికీ నేను ఎవరికీ క్షమాపణ చెప్పను.

సత్తిబాబు మునగడం ఇసక మేట మీద వల ఆరేసుకునేవాళ్ళు చూశారు. మాట పంతులుగారికి చేరింది, పంతులుగారినుంచి మండపేట చేరింది. నూకరత్నం కుట్లు ఆరకముందే ముసలాయన వార్డులోకి వచ్చేశాడు, వెనకాలే శ్రీనివాసు.

"దొంగతనం! మా అన్నయ్యది తీసి ఇక్కడ పెట్టండి! ఇప్పుడే!"

నేను నోరు తెరిచేలోపు నూకరత్నం మంచం మీద లేచి కూర్చుంది. చేపల బజారు గొంతు, ఎన్నాళ్ళకో బయటికొచ్చింది.

"తీసుకోండి బాబూ! కత్తి తెచ్చుకున్నారా? లేదా? అయ్యో, మా ఆయన్ని అడగండి, సేపలు కోసేది ఉంటాది. ఇదిగో, ఇక్కడే ఉంది. రండి!"

గాజుల చెయ్యి కుట్ల మీద పెట్టుకుని చూపిస్తోంది.  ముసలాయన వెనక్కి అడుగేశాడు. శ్రీనివాసు ఆయన భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. నా పక్కనుంచి వెళుతూ నా ముఖం చూడలేదు.

సంజాయిషీకి రమ్మన్నారు. యజమాని అందరి ముందూ, "ఈవిడ నాకు ఒక్క ముక్క చెప్పలేదండి" అన్నాడు. "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి మేడం" అని నాకు శాలువా కప్పి పంపించారు. ఆ శాలువా ఇప్పుడు మా కుక్క పరుపు మీద ఉంది.

నాది పెద్ద నష్టమేం కాదు, ఇంట్లో కన్సల్టేషన్ పెట్టుకున్నాను. సత్తిబాబు సంగతి వేరు. రేవులో ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అతని పడవ పక్కన పడవ కట్టడం మానేశారు. అస్థికలవాళ్ళు వస్తే ఇంకో పడవ చూపించారు. పడవ కొనేవాడు కూడా దొరకలేదు, ఒడ్డున ఎండి బీటలిచ్చింది. చివరికి రొయ్యల చెరువుల మీద కాపలాకి పోయాడు. పుట్టినప్పటినుంచి పారే నీళ్ళ మీద బతికిన మనిషి, నిలవ నీళ్ళ గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ కట్టుబాటుని నేను తప్పు పట్టలేను. అది తెలిసే మునిగాడు. తప్పు పట్టవలసినవాళ్ళంతా అప్పటికి మండపేటలో సుఖంగానే ఉన్నారు.

ఏ పేస్‌మేకరండీ

నూకరత్నం ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఒక్కసారి కూడా పడిపోలేదు. ఏడాదికోసారి మా ఇంటికి వచ్చి పెట్టె చూపించుకుని, నాకో చందువా చేప ఇచ్చి, నా వంటని తిట్టి వెళ్ళేది. ఈమధ్యే కామెర్లతో పోయింది.

సత్తిబాబు ఫోను చేశాడు. "కాల్చే ముందు తీసెయ్యాలని అప్పుడు సెప్పారు కదండి, పేలుద్దని" అన్నాడు. వెళ్ళి నా చేత్తోనే తీశాను. కడిగి, గుడ్డతో తుడిచి అతని ముందు పట్టాను. చెయ్యి చాచలేదు.

"నాకొద్దండి. ఇంట్లో ఎట్టుకోలేను, గోదాట్లో ఎయ్యలేను. ఇంకెవరికైనా ఎట్టండి."

"ఇప్పుడు పెట్టనివ్వరు సత్తిబాబూ. బ్యాటరీ కూడా అయిపోవచ్చింది."

అతను కాసేపు దాని వంకే చూశాడు. ముఖం గట్టిపడింది. "అయితే ఆ బాబుగారికే ఇచ్చెయ్యండి. మా నాన్నది, మా అన్నయ్యది అని ఏడిసేరు కదా. ఆళ్ళది ఆళ్ళకి ఇచ్చేత్తే నాకు రుణం లేకుండా పోద్ది. ఇప్పుడే సెయ్యండి ఫోను."

చేశాను. అతను నా పక్కనే నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

శ్రీనివాసు ఎత్తాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. గుర్తుపట్టాక చాలా మర్యాదగా మాట్లాడాడు, ఆరోగ్యం అడిగాడు. బాబాయి కూడా పోయారని చెప్పాడు. నేను విషయానికి వచ్చాను. "మీ నాన్నగారి పేస్‌మేకరు నా దగ్గరుంది బాబూ. వచ్చి తీసుకుంటారా?"



"ఏ పేస్‌మేకరండీ?" అన్నాడు.

నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. "ఏమీ లేదు బాబూ" అని ఫోను పెట్టేశాను.

"ఏమన్నారండి?" అన్నాడు సత్తిబాబు.

మర్చిపోయారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "వచ్చి తీసుకెళ్తారట" అన్నాను.

"ఆయ్" అని, తల ఊపి, పెళ్ళాన్ని ఎత్తడానికి లోపలికి వెళ్ళాడు.